ఒథెల్లో చివరి మాటల్లో ఉన్నది ఇండియనా, జుడియనా?

తెనాలి నుంచి:
డిగ్రీ పిల్లలకు షేక్‌స్పియర్ నాటకం ఒథెల్లో చెబుతున్నాను. అయిదో అంకం రెండో రంగం, అసూయతో భార్య డెస్డిమోనాను చంపిన ఒథెల్లో, కత్తితో పొడుచుకునే ముందు మాట్లాడే మాటలు. నా చదువు రోజుల నుంచి నోట్లో నానుతున్న పాఠం ‘లైక్ ది బేస్ ఇండియన్, త్రూ ఎ పర్ల్ అవే’. తన తెగ మొత్తం కన్నా విలువైన ముత్యాన్ని విసిరేసినవాడిలా, అని. క్లాసులో కొందరి పుస్తకాల్లో ‘జుడియన్’ అని ఉంది. ఒకమ్మాయి లేచి, “మేడమ్, ముత్యం పారేసింది మనవాళ్లా, యూదులా?” అంది. ఇక గంట మొత్తం దాని మీదే నడిచింది. 1622 క్వార్టోలో (చిన్న సైజు అచ్చు పుస్తకం) ఇండియన్, 1623 ఫోలియోలో (పెద్ద సైజు నాటకాల సంపుటి) జుడియన్ అన్నంతవరకు చెప్పాను. ఏది పట్టుకుని పాఠం చెప్పాలో, ఎందుకో పెద్దలు చెప్పండి.

ఒంగోలు మాష్టారు:
అమ్మా, ముందు నడక చూడండి. మన పద్యంలో పాఠభేదం వస్తే గణం సరిపోయిందా, యతి కుదిరిందా అని చూస్తాం కదా, అక్కడ ఊనికను, అంటే ఏ అక్షరాన్ని ఒత్తి పలుకుతారో దాన్ని చూడాలి. ఇండియన్‌లో ఊనిక మొదటి అక్షరం మీద. ‘ఇన్-డ్యన్’ అని రెండక్షరాలుగా పలికితే పాదం పదక్షరాలతో హాయిగా సాగుతుంది. జుడియన్‌లో ఊనిక మామూలుగా ‘డీ’ మీద పడుతుంది, అక్కడ పాదం కుంటుతుంది. నా ఓటు ఇండియన్‌కే.

వరంగల్ నుంచి:
మాష్టారూ, ‘జూ’ మీద ఊనిక పెట్టి పలికితే ఆ పాదమే చక్కగా నడుస్తుంది. ఊనిక అటూ ఇటూ జరిపి పలకడం ఆ కవికి కొత్తేం కాదు. నా పట్టు అర్థం దగ్గర. ఇండియన్ అంటే ముత్యం విలువ తెలియక పారేసినవాడు. జుడియన్ అంటే ఏసు శిష్యుడు జూడాస్, తెలిసి ద్రోహం చేసినవాడు. చనిపోయే ముందు ఒథెల్లో ఏమంటాడు? నిన్ను చంపే ముందు ముద్దు పెట్టుకున్నాను అని భార్యతో అంటాడు. జూడాస్ గురువును పట్టించింది ముద్దుతోనే, ఆ తర్వాత ప్రాణం తీసుకున్నాడు కూడా. ఇన్ని పోలికలు ఊరికే కలుస్తాయా?

డల్లాస్ నుంచి:
జూడాసే కానక్కర్లేదు అన్నా, హెరోదు కావచ్చు. అసూయతో భార్య మరియమ్నెను చంపించి తర్వాత కుమిలిపోయిన యూదయ రాజు. ఆ కథ ఉన్న, యూదుల చరిత్రకారుడు జోసెఫస్ పుస్తకం 1602లోనే ఇంగ్లీషులో అచ్చయింది, ఒథెల్లో 1604 నవంబరులో రాజుగారి ముందు ఆడారు. కాలం సరిపోతుంది. అయితే హెరోదుకు ‘తెగ’ అన్న మాట అంతగా అతకదు, జూడాస్‌కే బాగా అతుకుతుంది.

అచ్చు సంగతి కూడా చూడాలి. అప్పట్లో ఐ, జె అక్షరాలకు వేర్వేరు అచ్చులు లేవు, రెంటికీ ఐ ఒక్కటే. ఎన్ అచ్చును తలకిందులుగా పేరిస్తే యు అవుతుంది. అంటే రెండు మాటలకీ మొదటి అక్షరం ఒకటే, రెండోది తిరగబడిన అచ్చు. కాకపోతే నాలుగో అక్షరం కూడా తేడా, ఒకచోట ఐ (i), ఇంకోచోట ఇ (e). అచ్చులు పేర్చే కంపోజిటర్ చెయ్యి ఒకే మాటలో రెండుచోట్ల జారిందా అన్నది నాకు మింగుడుపడలేదు. 1632లో వచ్చిన రెండో ఫోలియోలో దాన్ని ఇండియన్‌గా మార్చేశారు, అంటే అప్పటివాళ్లకే జుడియన్ ఎబ్బెట్టుగా కనిపించిందన్నమాట.

కడప నుంచి:
ఇండియన్ అంటే మనమేనని ఎందుకు అనుకుంటున్నారు? ఆ రోజుల్లో అమెరికా మూలవాసులనూ అదే మాటతో పిలిచేవాళ్లు, వెనిజులా తీరంలోనూ ముత్యాలు తీసేవాళ్లు. మన్నారు సింధుశాఖలో ఈదిన మన జాలరికి ముత్యం విలువ తెలియదంటే నేను నమ్మను. అయినా ఇండియాకూ ముత్యానికీ ఆ కవి మనసులో ముడి ఉంది. ఆయన ఇంకో నాటకంలో ట్రాయిలస్ తన ప్రియురాలు క్రెసిడా గురించి ‘హర్ బెడ్ ఈజ్ ఇండియా, దేర్ షీ లైస్, ఎ పర్ల్’ (ఆమె పడకే ఇండియా, అక్కడ ఆమె ఒక ముత్యం) అంటాడు కదా. నాకు ఆ ఒక్క సాక్ష్యం చాలు.

తెనాలి నుంచి:
కడప సార్, రేపు క్లాసులో ఇది చెప్తాను. మా పిల్లలు పట్టుకున్నది ఇంకోటి ఉంది. ఆ ఒక్క ప్రసంగంలోనే అరేబియా చెట్ల జిగురు, అలెప్పో, తలపాగా కట్టిన తురక, సున్తీ చేయించుకున్న కుక్క అన్నీ వరసగా వస్తాయి. వెనిస్‌కు బయటివాళ్ల పేర్లన్నీ తెచ్చి చివరికి తానే ఆ తురకనని పొడుచుకుంటాడు. ఈ వరసలో ఏ మాటైనా ఇముడుతుందని ఒక అబ్బాయి, సున్తీ మాట ఉంది కాబట్టి జుడియనేనని ఇంకో అమ్మాయి. నాకైతే ఇద్దరి మాటా సబబుగానే తోచింది.

ఒంగోలు మాష్టారు:
దీన్నే పోలిన గొడవ మన ఇంట్లోనే ఉంది. పోతనగారి పేరు మీద తిరిగే చాటువు, ‘కాటుక కంటినీరు చనుకట్టు పయింబడ నేల యేడ్చెదో’. అందులో సరస్వతిని కర్ణాట కిరాట కీచకులకు అమ్మనని ప్రమాణం. నూటికి తొంభైమంది ‘కిరాత’ అనే చదువుతారు. కిరాటుడంటే బేరగాడు. అమ్మకం మాట వచ్చినచోట అడవిలో వేటాడే కిరాతుడికి ఏం పని? ట అయినా త అయినా గణం చెడదు, ప్రాస రెండో అక్షరానికే కాబట్టి అదీ సాయపడదు. చెవి మాత్రం కర్ణాట పక్కన కిరాటనే కోరుకుంటుంది. ‘ఇమ్మనుజేశ్వరాధముల కిచ్చి’ అని భాగవతం మొదట్లోనే తెగేసి చెప్పిన మనిషి మాట ఎంత గురిగా వాడతాడో అప్పుడు తెలుస్తుంది.

వరంగల్ నుంచి:
మాష్టారూ, మీరు నా వాదానికే బలం ఇచ్చారు. అరుదైన కిరాటను జనం తెలిసిన కిరాత చేసుకున్నారు కదా. అలాగే అరుదైన జుడియన్‌ను తెలిసిన ఇండియన్ చేసి ఉంటారు. రాసేవాడి చెయ్యి తెలియని మాట నుంచి తెలిసిన మాట వైపు జారుతుంది గానీ ఇటు నుంచి అటు జారదు. మా పోతన ఊరు బమ్మెర ఇక్కడికి దగ్గరే, ఆయన్ని నా మీద ప్రయోగిస్తే ఎలా?

కడప నుంచి:
బమ్మెర మీది కావచ్చు, ఒంటిమిట్ట మాది, ఆ చర్చ ఇంకోరోజు. మీ జూడాస్‌కు ఒక అడ్డు ఉంది. జూడాస్ అమ్మాడు, ముప్పై వెండి నాణేలకు. ఒథెల్లో అమ్మలేదు, విసిరేశాడు. ‘త్రూ’ అన్న క్రియ చూడండి.

వరంగల్ నుంచి:
జూడాస్ కూడా ఆ నాణేలను దేవాలయంలో విసిరేసి వెళ్లి ఉరి వేసుకున్నాడు సార్, మత్తయి 27 చూడండి.

డల్లాస్ నుంచి:
విసిరేసింది నాణేలను అన్నా, ముత్యాన్ని కాదు. అక్కడే నేను మళ్లీ ఇండియన్ వైపు వచ్చేస్తున్నాను. ఒథెల్లో తనను తెలివితక్కువవాడిగానే చూపించుకోవాలనుకుంటున్నాడు. ‘తెలివిగా కాకపోయినా అతిగా ప్రేమించినవాడు’ అని అంతకుముందే అన్నాడుగా. ద్రోహినని ఒప్పుకునేవాడు ఆ మాట అనడు.

తెనాలి నుంచి:
ఇది నచ్చింది. అయితే అతను తన గురించి చెప్పుకునేదంతా మనం నమ్మాలా అని రేపు పిల్లలనే అడుగుతాను. రెండు పాఠాలూ బోర్డు మీద పక్కపక్కనే రాసి, ఒక్కోదానితో ఆ ప్రసంగం మొత్తం చదివిస్తాను.

ఒంగోలు మాష్టారు:
అలా చేయండమ్మా, ఒకసారి గొంతెత్తి కూడా చదివించండి. వరంగల్ వారికి ఒక మనవి. కిరాత అని అచ్చయిన చాటు సంకలనం మీ దగ్గర ఉంటే ఆ పేజీ ఫొటో పెట్టండి, ఏ సంవత్సరం ముద్రణో తప్పకుండా రాయండి. కిరాట వైపు నా దగ్గరున్నవి నేను పెడతాను.