పర్లాకిమిడిలో మా మండువా ఇల్లు అమ్ముతున్నాం, సలహా చెప్పండి

మండువా ఆడపడుచు:
ముత్తాతగారు 1912లో కట్టించిన ఇల్లు. టేకు స్తంభాలు, మద్రాసు టెర్రస్ మిద్దె (దూలాల మీద ఇటుక, సున్నంతో వేసిన కప్పు) చెక్కుచెదరలేదు. వచ్చినవాళ్ళంతా స్థలానికే లెక్క కడుతున్నారు. ఇంటికి విలువ కట్టించేదెలా? పాత దస్తావేజు తెలుగులో, ఇప్పటి పట్టా ఒడియాలో ఉన్నాయి. ఇంటిపేరు రెండింటిలో కలవడం లేదు.

బరంపురం తమ్ముడు:
అక్కా, ముందు ఆడపిల్లల సంతకాలు చూసుకోండి. హిందూ వారసత్వ చట్టానికి 2005లో చేసిన సవరణతో ఉమ్మడి ఆస్తిలో కూతుళ్ళకీ పుట్టుకతో సమాన వాటా. 2004 డిసెంబరు 20కి ముందే రిజిస్టరు చేసిన పంపకం ఉంటే అది వేరే సంగతి. మా మేనత్త సంతకం లేదని కొనేవాడు అడ్వాన్సు వెనక్కి పట్టుకుపోయాడు. ఆవిడ ఇప్పటికీ మా గడప తొక్కదు.

గానుగ సున్నం:
ముప్పై ఏళ్ళుగా పాత ఇళ్ళ పనే చేస్తున్నాను. అమ్మేలోపు అందంగా కనబడాలని సిమెంటు మాత్రం పూయించకండి.

గుణుపురం వాసి:
2018 తిత్లీ తుపానుకి గోడ పెచ్చులూడితే మేం సిమెంటే పూయించాం. నిక్షేపంలా ఉంది.

గానుగ సున్నం:
గోడ అడుగున మూరెడు ఎత్తున చెయ్యి పెట్టి చూడండి. తెల్లగా ఉప్పు రాలుతుంది. సున్నం గోడ లోపలి తేమను బయటికి వదులుతుంది, సిమెంటు దాన్ని లోపలే బంధిస్తుంది. అప్పుడు ఆ తేమ తినేది ఇటుకని. కరక్కాయ, బెల్లం నీళ్ళు పోసి గానుగాడిన సున్నానికి ఏదీ సాటి రాదు.

గుణుపురం వాసి:
గానుగ ఎక్కడుందండీ ఇప్పుడు? వానాకాలం నెత్తిన కూర్చుంటే మీ బెల్లం నీళ్ళ కోసం ఆగాలా? ఇంట్లో పసిపిల్ల ఉంది మాకు!

టెక్కలి మాస్టారు:
ఆ టేకు మా నౌపడ మీదుగా చిన్న రైల్లోనే వచ్చుంటుంది. 1900లోనే పర్లాకిమిడికి లైను పడింది. గుణుపురానికి 1931లో గానీ వెళ్ళలేదు.

బరంపురం తమ్ముడు:
మాస్టారూ, అక్క అడిగింది రైలు గురించి కాదు. అక్కా, 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడేదాకా మనది మద్రాసు ప్రెసిడెన్సీ. అందుకే పాత కాగితాలు తెలుగులో ఉంటాయి. రెండు భాషలూ చదివే వకీలుకే చూపించండి.

మండువా ఆడపడుచు:
పొద్దున్నే వెళ్ళి చూశాను. వంటింటి గోడకి ఎప్పుడో సిమెంటు అతుకు వేశారు. గోరు తగిలితే పొడి రాలింది. గానుగ సున్నం గారూ, ఆ అతుకు తీయించాలంటే ఎవరిని పిలవను?