అమెరికన్ గ్రాఫిటీ: చివర్లో వచ్చే ఆ నాలుగు కార్డులు న్యాయమేనా?

సెకండ్‌షో:
శనివారం రాత్రి మళ్ళీ చూశాను. చూడనివాళ్ళ కోసం కథ రెండు ముక్కల్లో. స్టార్ వార్స్‌కి నాలుగేళ్ళ ముందు, 1973లో జార్జ్ లూకాస్ తీసిన సినిమా. అంతా ఒక్క రాత్రిలో జరుగుతుంది. 1962 వేసవి ఆఖరు, కాలిఫోర్నియాలో మొడెస్టో అనే ఊరు. కర్ట్, స్టీవ్ తెల్లారితే కాలేజీకి వెళ్ళిపోవాలి. మిల్నర్ దగ్గర పసుపురంగు 1932 ఫోర్డ్ కూపే ఉంది, రేసులో దాన్ని కొట్టే బండి ఊళ్ళో లేదు. టెర్రీకి వెస్పా తప్ప ఏమీ లేదు, అదీ సరిగ్గా ఆపడం రాదు. ఆ రాత్రికి స్టీవ్ తన 58 షెవీ ఇంపాలా తాళాలు వాడి చేతిలో పెడతాడు. ఇక రాత్రంతా రేడియో పెట్టుకుని ఒకే రోడ్డు మీద అటూ ఇటూ తిరగడమే.

పొద్దున కర్ట్ విమానం ఎక్కుతాడు. నీలం ఆకాశం మీద నలుగురు కుర్రాళ్ళ ఫోటోలు, పక్కన ఒక్కో వాక్యం. నేను కార్డులంటున్నది వీటినే. మిల్నర్‌ని 1964 డిసెంబరులో తాగి బండి నడిపినవాడు గుద్ది చంపాడు. టెర్రీ 1965 డిసెంబరులో వియత్నాంలో ఆన్ లోక్ దగ్గర గల్లంతయ్యాడు. స్టీవ్ మొడెస్టోలోనే ఇన్సూరెన్స్ ఏజెంటు. కర్ట్ రచయిత, కెనడాలో ఉంటున్నాడు.

ఆ నాలుగు వాక్యాలే సినిమాని నిలబెట్టాయని నా వాదన. అవి లేకపోతే మంచి పాటలున్న కాలక్షేపం, అంతే. కాదనేవాళ్ళు చెప్పండి.

వెస్పా150:
కాదంటాను. రెండు గంటలు ముద్దుముద్దుగా నడిపి, చివరి అర నిమిషంలో ఇద్దర్ని చంపేస్తే లోతు వచ్చేస్తుందా? మన సినిమాల్లో క్లైమాక్స్‌లో తల్లిని చంపి ఏడిపిస్తారే, అదీ ఇదీ ఒకటే. టెర్రీ నా మనిషి. వాడికి అలా రాసిన కోపం నాకింకా పోలేదు.

సెకండ్‌షో:
అర నిమిషంలో కాదు అన్నా, ముందునుంచీ చెబుతూనే ఉన్నాడు. పాత కార్ల యార్డు సీన్ గుర్తు తెచ్చుకో. తనకి అంటగట్టిన చిన్నపిల్ల కేరల్‌ని వెంటబెట్టుకుని మిల్నర్ తుక్కు కార్ల మధ్య నడుస్తుంటాడు. ఏ బండిలో ఎవరు పోయారో ఒక్కొక్కటీ చూపిస్తాడు. తాను మాత్రం ఇక్కడికి చేరకుండా తప్పించుకుంటూ వస్తున్నానన్నట్టు మాట్లాడతాడు. కుర్రాడు తన శ్మశానం తనే చూపిస్తున్నట్టుంటుంది. తెల్లారి రేసు గెలిచాక కూడా టెర్రీ పొంగిపోతుంటే మిల్నర్ మొహంలో సంతోషం ఉండదు. అవతలివాడి బండి పల్టీ కొట్టింది కాబట్టి గెలిచాడు, లేకపోతే ఓడిపోయేవాడే. ఆ సంగతి వాడికి తెలుసు.

లూకాస్‌కి ఇది ఊహించి రాసిన విషయం కూడా కాదు. 1962 జూన్‌లో, హైస్కూల్ పూర్తవడానికి కొద్ది రోజుల ముందు, మొడెస్టోలోనే ఆయన చిన్న ఇటాలియన్ కారుకి యాక్సిడెంట్ అయింది. బండి వెళ్ళి చెట్టుకి గుద్దుకుంది. సీటు బెల్టు తెగి బయటికి ఎగిరిపడ్డాడు కాబట్టి బతికాడు. సినిమా సరిగ్గా ఆ వేసవి చివర్లోనే ఎందుకు జరుగుతుందో ఆలోచించు.

పాతపాటలపెట్టె:
పాటల సంగతి ఎవరూ ఎత్తలేదే. మిల్నర్‌కి సర్ఫింగ్ పాటలంటే మంట. బడ్డీ హాలీ పోయాక రాక్ అండ్ రోల్ దిగజారిపోయిందని వాడి అభిప్రాయం (హాలీ పోయింది 1959లో). ఇప్పుడు చివర్లో పేర్లు పడేటప్పుడు ఏం పాట వస్తుందో చూడండి. బీచ్ బాయ్స్‌ది, అదీ 1964 పాట. 62లో జరిగే కథలో 64 పాట ఉండకూడదు కదా, పొరపాటేమో అనుకున్నాను చాలా రోజులు. మిల్నర్ చనిపోయిన సంవత్సరం పాట అది, వాడికి గిట్టని రకం పాట. వాడు పోయాక ఊళ్ళో రేడియోలో అదే మోగుతోందన్నమాట. నాకైతే కార్డు కంటే అదే ఎక్కువ గుచ్చుకుంది.

ఇంకో లెక్క. 62కీ 73కీ మధ్య పదకొండేళ్ళే. పదకొండేళ్ళ కిందటిది అప్పుడే పాతకాలం ఎలా అయిపోయిందంటే, మధ్యలో కెనడీ హత్య, బీటిల్స్, వియత్నాం. సినిమా ఆగస్టులో వచ్చింది, అక్టోబరులో అరబ్ దేశాలు అమెరికాకి చమురు ఆపేశాయి. పెట్రోలు పోయించుకుని ఊరికే తిరగడం అనే ఆట కూడా ఆ ఏడాదితో ముగిసినట్టే.

అమ్ములపొది:
అందరూ మిల్నర్ గురించీ టెర్రీ గురించీ ఏడుస్తున్నారు. సరే. స్టీవ్ ప్రేమించిన లారీ ఏమైంది? ఆ రాత్రి టెర్రీతో తిరిగిన డెబ్బీ? కేరల్?

రాత్రంతా ఈ అమ్మాయిలు ఆ కార్లలోనే ఉన్నారు. రేసులో పల్టీ కొట్టి కాలిపోయిన ఆ అవతలివాడి షెవీలో ఉన్నది లారీ. చావు అంచుదాకా వెళ్ళి వచ్చిన మనిషి. డెబ్బీ పాత్రకి క్యాండీ క్లార్క్ ఆస్కార్ నామినేషన్ కూడా తెచ్చుకుంది. సినిమాకి వచ్చిన ఐదు నామినేషన్లలో నటనకి దక్కింది అదొక్కటే. కార్డుల దగ్గరికి వచ్చేసరికి ముగ్గురికీ చోటు లేదు. సినిమా విమర్శకురాలు పాలీన్ కేల్ అప్పుడే ఎత్తి చూపింది ఈ సంగతి. స్క్రీన్‌ప్లే రాసిన ముగ్గురిలో ఒకరైన గ్లోరియా కాట్జ్ కూడా అమ్మాయిల సంగతి చెప్పాలనే అంది. లూకాస్ వినలేదు. ఇంకో కార్డు వేస్తే ముగింపు సాగుతుందట.

మా ఇంటి ఆల్బమ్‌లో ఇలాంటి ఫోటో ఒకటుంది. మా మావయ్య, ఆయన స్నేహితులు ముగ్గురు, ఒక రాజ్‌దూత్ చుట్టూ నిలబడి. వెనక అరుగు మీద ఇద్దరు అమ్మాయిలు సగం సగం పడ్డారు. ఆ నలుగురి చరిత్రా మా ఇంట్లో అందరికీ కంఠతా వచ్చు. వెనకున్నవాళ్ళెవరని అడిగితే "ఎవరో పక్కింటివాళ్ళు" అంటారు.

వెస్పా150:
సీక్వెల్‌లో చూపించారు కదండీ. 1979లో వచ్చింది. డెబ్బీ, లారీ ఇద్దరికీ కథలున్నాయి.

అమ్ములపొది:
ఆరేళ్ళ తర్వాత, వేరే దర్శకుడి చేత, పెద్దగా ఎవరూ చూడని సినిమాలో. సంతోషం.

ఫ్రీమాంట్‌వాసి:
నేను ఇక్కడే శాన్‌ఫ్రాన్సిస్కో బే ఏరియాలో ఉంటాను కాబట్టి కళ్ళారా చూసింది చెబుతాను. సినిమా ఎక్కువ భాగం తీసింది మొడెస్టోలో కాదు, పెటలూమాలో. అక్కడ ఏటా ఈ సినిమా పేరు మీద పాత కార్ల పండగ చేస్తారు. ఒకసారి పిల్లల్ని తీసుకెళ్ళాను. అద్దంలా మెరిసే బండ్లు, ఒక్కోదాని పక్కన మడత కుర్చీ, అందులో తెల్లజుట్టు పెద్దాయన. మావాడు బానెట్ మీద చెయ్యి వెయ్యబోతే ఆయన ఏమీ అనలేదు, జేబులోంచి గుడ్డ తీసి పట్టుకున్నాడంతే. మేం పక్కకి జరిగేదాకా అలాగే పట్టుకుని కూర్చున్నాడు.

అంతా తెల్లవాళ్ళే. అది వాళ్ళ తప్పని అనను. కానీ ఇదే కాలిఫోర్నియాలో మెక్సికన్ కుటుంబాల పిల్లలు కార్లని నేలకి ఆనేంత కిందికి దించి అదే పని చేశారు. మెల్లగా, వరసగా, అదే రోడ్లమీద. లోరైడర్లంటారు. వాళ్ళకి దక్కింది పోలీసుల జరిమానా టికెట్లు. కారు మరీ కిందికి ఉండకూడదని 1958లోనే చట్టం తెచ్చారు. తర్వాత ఊరూరా క్రూజింగ్ (ఇలా కార్లలో ఊరికే తిరగడం) నిషేధాలు వచ్చాయి, మొడెస్టోలోనూ వచ్చింది. ఆ నిషేధాలనీ కారు ఎత్తు ఆంక్షనీ రాష్ట్రమంతటా కొట్టేసిన చట్టం 2024 జనవరి 1న గానీ అమల్లోకి రాలేదు. సినిమాలో కుర్రాళ్ళు పోలీసు జీపు... కాదు, పోలీసు కారు వెనక ఇరుసుకి గొలుసు కట్టి ఊడబెరికితే మనం నవ్వుతాం. రంగు వేరైన కుర్రాడు అదే పని చేస్తే ఏ సినిమా అయ్యేదో.

సెకండ్‌షో:
ఫ్రీమాంట్ గారూ, ఇది సినిమా మీద కేసా, రాష్ట్రం మీద కేసా? మొడెస్టోలో తను ఎరిగిన నలుగురి గురించి తీశాడు. ఎరగనివాళ్ళ గురించి తీసుంటే అదీ తప్పే అనేవాళ్ళం.

ఫ్రీమాంట్‌వాసి:
రాష్ట్రం మీదే. కానీ ఆ "62" అందరిదీ అన్నట్టు పోస్టర్ వేశారు. 62లో మీరెక్కడున్నారు అని అడిగింది ఆ పోస్టర్. నేను అడిగేదీ అదే.

వెస్పా150:
నేను పుట్టలేదు 😄

సెకండ్‌షో:
అమ్ములపొది గారు అడిగినదాని మీద నిన్న రాత్రి చివరి పది నిమిషాలూ మళ్ళీ వేసి చూశాను. విమానం దగ్గర కర్ట్‌ని సాగనంపడానికి వచ్చినవాళ్ళలో లారీ ఉంది. సొంత చెల్లెలు మరి. కర్ట్ పైకెళ్ళాక కిటికీలోంచి కిందికి చూస్తాడు, రాత్రంతా వెతికిన ఆ తెల్ల థండర్‌బర్డ్ కారు రోడ్డు మీద పోతూ కనిపిస్తుంది. అందులో అమ్మాయి ఎవరో మనకి చివరిదాకా చెప్పరు. అది బాగుంది, చెప్పకపోవడమే అందం. లారీ విషయంలో ఆ మాట అనలేను. ఆమె కోసమే కదా స్టీవ్ కాలేజీ మానుకుని ఊళ్ళో ఉండిపోయింది.

కార్డులు సినిమాని నిలబెట్టాయన్న మాట వెనక్కి తీసుకోను. ఇంకో కార్డు వేస్తే సాగుతుందన్న సాకు మాత్రం నాకిప్పుడు నిలబడేలా లేదు.

అమ్ములపొది:
లారీకైతే ఇంకో కార్డు అక్కర్లేదండీ. స్టీవ్ కార్డులోనే "లారీతో" అని ఒక్క మాట.

పాతపాటలపెట్టె:
ఉన్నట్టుండి స్టీవ్ ఆమెతోనే ఉన్నాడని ఎలా అనుకుంటున్నారు మీరిద్దరూ?