హెచ్‌ రిఫ్లెక్స్‌: కరెంటు పెంచేకొద్దీ తరంగం ఎందుకు తగ్గిపోతోంది?

హంద్రీ_తీరం (కర్నూలు): మోకాలి వెనుక గుంటలో టిబియల్‌ నరాన్ని సెకనుకొకసారి ఉత్తేజపరుస్తూ, పిక్కలోని సోలియస్‌ కండరం నుంచి హెచ్‌ రిఫ్లెక్స్‌ (నరానికి కరెంటు ఇస్తే, సంకేతం వెన్నుపాము దాకా వెళ్లి తిరిగివచ్చి కండరాన్ని కదిలించే ప్రతిచర్య) నమోదు చేస్తున్నాము. సుమారు 30 మిల్లీసెకన్లకు తరంగం వస్తోంది గానీ, కరెంటు పెంచేకొద్దీ అది తగ్గి చివరకు కనబడకుండా పోతోంది. యంత్రంలో లోపమా? విద్యార్థిని పడుకోబెట్టాలా, కూర్చోబెట్టాలా?

పెన్నా_ఫిజియో (అనంతపురం): యంత్రం బాగానే ఉంది. కరెంటు తక్కువగా ఉన్నప్పుడు కండరం సాగడాన్ని పసిగట్టే స్పిండిళ్ల నుంచి వచ్చే లావైన ఐ-ఎ నరపు తంతువులు ముందుగా స్పందించి, వెన్నుపాములోని మోటార్‌ న్యూరాన్లను (కండరాలను నడిపే నాడీకణాలను) కదిలిస్తాయి. కరెంటు పెరిగితే మోటార్‌ తంతువులు కూడా నేరుగా స్పందిస్తాయి. వాటిలో వెన్నుపాము వైపు ఎదురెక్కే సంకేతం, కిందికి దిగివచ్చే రిఫ్లెక్స్‌ సంకేతాన్ని ఢీకొని రద్దు చేస్తుంది. ఇక మిగిలేది, మోటార్‌ తంతువుల నుంచి నేరుగా కండరానికి చేరిన సంకేతం వల్ల వచ్చే ఎం తరంగమే. జర్మన్‌ శాస్త్రవేత్త హాఫ్మన్‌ 1910లో వర్ణించిన ఈ రిఫ్లెక్స్‌ను నేను ఏళ్ల తరబడి చూస్తున్నాను. తరంగం పెద్దదైతే మోటార్‌ న్యూరాన్ల ఉత్తేజం పెరిగినట్టే, అందులో సందేహం అక్కరలేదు.

బుగ్గవంక (కడప): సందేహం అక్కడే ఉందండి. ఐ-ఎ తంతువు కొసనే అణిచివేసే ప్రీసినాప్టిక్‌ ఇన్‌హిబిషన్‌ను మీరు లెక్కలోకి తీసుకోలేదు. కండరం అంతే బిగువుతో పనిచేస్తున్నా, నిలబడినప్పటికంటే నడిచేటప్పుడు రిఫ్లెక్స్‌ చిన్నదవుతుందని పరిశోధకులు కాపడే, స్టైన్‌ 1986లోనే చూపించారు.

పెన్నా_ఫిజియో: నా రోగులు మంచం మీద పడుకుని ఉంటారు, నడవరు. పుస్తకం చదివినంత మాత్రాన చేయి తిరగదు.

బుగ్గవంక: చేయి తిరిగినవారు కొలత అర్థాన్ని మార్చలేరు. పడుకున్న రోగినే పళ్లు బిగించి, రెండు చేతుల వేళ్లు పెనవేసి లాగమనండి, తరంగం పెరుగుతుంది. అది ఐ-ఎ తంతువు కొసలోని మార్పో, మోటార్‌ న్యూరాన్‌లోని మార్పో ఆ ఒక్క తరంగాన్ని చూసి తేల్చగలరా?

ప్రొద్దుటూరు_వాసి: మా నాన్నగారికి చాలాకాలంగా షుగర్‌ ఉంది. ఒకచోట మడమ పైనున్న స్నాయువుపై (టెండన్‌) సుత్తితో కొట్టి, కదలిక లేకపోయినా, వయసు వల్లనే అని పంపించేశారు. మీ వాదన సరే, దీనికి ఎవరైనా చెప్పండి.

బుగ్గవంక: వయసుతో మడమ రిఫ్లెక్స్‌ మందగించడం నిజమే. కానీ షుగర్‌ వల్ల కలిగే నరాల దెబ్బ పొడవైన తంతువులకు ముందు తగులుతుంది కనుక, 128 హెర్ట్జ్‌ ట్యూనింగ్‌ ఫోర్కుతో బొటనవేలి దగ్గర కంపనం తెలుస్తోందో లేదో కూడా చూడమని అడగండి.

పెన్నా_ఫిజియో: వైద్య సలహాలకు వేరే చోటు ఉంది.

ప్రొద్దుటూరు_వాసి: ఉన్నచోటికే వెళ్లివచ్చాము సార్‌, అందుకే ఇక్కడ అడుగుతున్నాము.

గుత్తికోట (అనంతపురం): సెకనుకొకసారి అన్న మాటను ఎవరూ పట్టించుకోలేదు. అంత త్వరత్వరగా ఇస్తే, ముందటి ఉత్తేజం ప్రభావం వల్లనే తరంగం కుంగుతుంది; కనీసం పది సెకన్ల ఎడమివ్వాలి. గరిష్ఠ ఎం తరంగంలో హెచ్‌ ఎంత శాతమో రాయండి, లేకపోతే ఒకరి లెక్కను మరొకరితో పోల్చలేము. కరెంటు గరిష్ఠానికి చేరాక, దాదాపు హెచ్‌ వచ్చే సమయానికే ప్రతిసారీ ఆకారం మారుతూ కనబడే చిన్న తరంగం ఎఫ్‌ తరంగం. అది మోటార్‌ న్యూరాన్‌ నుంచే తిరిగివచ్చేది, రిఫ్లెక్స్‌ కాదు. దానిని హెచ్‌ కింద రాసిన రికార్డు పుస్తకాలు నేను చాలానే దిద్దాను.