చంద్రగిరి హోటల్ బోర్డుకు టిబెటన్, జపనీస్, ఫ్రెంచ్ మాటలు సరిచూస్తారా?

ఒడిశాలో గజపతి జిల్లా చంద్రగిరిలో, జిరంగ బౌద్ధారామానికి వెళ్లే దారిలో హోటల్ బోర్డు రాస్తున్నాం. తెలుగు, ఒడియా అయిపోయాయి. మిగతావే తేలడం లేదు.

అనువాద యాప్‌లో ఒంటి మాట కొడితే ‘చల్ల’ (మజ్జిగ) కాస్తా చల్లదనం అయిపోతోంది. వేడినీళ్లకు జపనీస్‌లో ‘ఓయు’ రాశాం, ‘మిజు’ చన్నీళ్లే కదా. ఫ్రెంచ్‌లో మిరపకాయకు ‘పిమాఁ’, మిరియాలకు ‘ప్వావ్ర్’, ఇవి ఖాయం. మజ్జిగకు ‘బబర్’ అంటే మన పల్చటి ఉప్పు మజ్జిగ అని ఫ్రెంచ్‌వాళ్లకు తడుతుందా, లేక ‘పెరుగు, నీళ్లు, ఉప్పు’ అని విడమరచాలా?

టిబెటన్‌లో టీ ‘జా’, గౌరవంగా అయితే ‘సోల్‌జా’. బోర్డు మీద ఏది బాగుంటుంది?

ఇంకోటి: ఫ్లెక్సీ షాపులో అతికించగానే టిబెటన్ ఒత్తులు విడిపోతున్నాయి, అక్షరాల మధ్య చుక్కలు ఎగిరిపోతున్నాయి. యూనికోడ్ ఫాంటే వాడాం. అక్షరాలను గీతలుగా మార్చి పీడీఎఫ్ పంపితే నిలుస్తాయా?