స్పాలో 992 కప్ కారు: వెనక వింగ్ ఎంతవరకు తగ్గించొచ్చు?

కెమ్మెల్_కిట్టు:
అందరికీ నమస్కారం. కారు పోర్షే 911 జీటీ3 కప్ (992), ట్రాక్ బెల్జియంలోని స్పా-ఫ్రాంకోర్‌షాంప్స్. అరగంట స్ప్రింట్ రేసు. పిట్ స్టాప్ లేదు, ఏబీఎస్ లేదు, ట్రాక్షన్ కంట్రోల్ లేదు. గ్రిడ్ మీద ఉన్నవన్నీ ఒకే కార్లు: 4.0 లీటర్ల ఇంజన్, 510 హార్స్‌పవర్, ఎవరూ మార్చకుండా ఇంజన్‌కూ సీలు. కాబట్టి కెమ్మెల్ అనే పొడవైన స్ట్రెయిట్‌లో ఎవరినైనా దాటాలంటే వెనక వింగ్ (రెక్క) కోణం తగ్గించడం ఒక్కటే దారని టీమ్‌లో సగంమంది అంటున్నారు. అలా చేస్తే వేగంగా తిరిగే పూహోన్ మలుపులో కారు వెనక భాగం నిలవదని మిగతావాళ్లు. వింగ్‌కు 11 పొజిషన్లు ఉన్నాయి. ఎటునుంచి మొదలుపెట్టాలి, డేటాలో ఏం చూసి తేల్చుకోవాలి? పొద్దున 15 డిగ్రీలు ఉంటుంది, మధ్యాహ్నం వాన పడే సూచన ఉంది. టైరు ప్రెషర్ సంగతి కూడా కాస్త చెప్పండి.

డేటా_శాస్త్రి:
కిట్టు గారూ, ముందు ఒక మాట. టాప్ స్పీడ్ చూసి వింగ్ తేల్చకండి. ముందు కారు టో (దాని వెనక గాలి అడ్డు తగ్గి వచ్చే ఊతం) దొరికిన ల్యాప్‌కీ ఒంటరి ల్యాప్‌కీ కెమ్మెల్ చివర వచ్చే తేడా, వింగ్ ఒక మెట్టు మార్చితే వచ్చే తేడాను మింగేస్తుంది. టో లేని ల్యాప్‌లే పక్కకు తీసి రెండు ముక్కలు పోల్చండి: మొదటి మలుపు లా సోర్స్ ఎగ్జిట్ నుంచి కెమ్మెల్ చివరి లే కోంబ్ బ్రేకింగ్ దాకా ఒకటి, లే కోంబ్ నుంచి స్టావెలో మలుపు దాకా ఇంకొకటి. మొదటి ముక్కలో సంపాదించినదానికంటే రెండోదానిలో ఎక్కువ పోతుంటే వింగ్ అతిగా తగ్గించినట్టే.

మొదలు మధ్య పొజిషన్ నుంచి పెట్టి, ఒక్కో మెట్టే తగ్గించండి. ఈ కారులో ముందు స్ప్లిటర్‌కు (బంపర్ కింది పలకకు) వింగ్‌లా మెట్లు లేవు. వెనక వింగ్ తగ్గిస్తే డౌన్‌ఫోర్స్ (గాలి కారును నేలకు నొక్కే బలం) తగ్గడంతోపాటు ఏరో బ్యాలెన్సు (ఆ బలం ముందు-వెనక పంచుకునే తీరు) కూడా ముందుకు జరుగుతుంది. వేగం పెరిగేకొద్దీ వెనక తేలిక అవుతుంది. అది మొదట బయటపడేది కెమ్మెల్‌కు ముందు వచ్చే ఎక్కుడు మలుపు రైడియోన్‌లో. డ్రైవర్ అక్కడ యాక్సిలరేటర్ మీంచి కాలు కాస్త ఎత్తాడనుకోండి. గంటకు 230 కి.మీ. రావాల్సిన చోట 225తో బయటికి వస్తే, ఆ తేడా 700 మీటర్లు అలాగే నిలిచినప్పుడు పావు సెకను నష్టం. కారు పుంజుకుంటుంది కాబట్టి అసలు నష్టం అంతకంటే తక్కువే, కానీ వెనకవాడు టో పట్టడానికి అది చాలు. దాటడానికి తగ్గించిన వింగే మనల్ని దాటించేస్తుంది.

వింగ్ తగ్గించాక వెనక వదులైందనిపిస్తే వెనక యాంటీ-రోల్ బార్ (మలుపులో కారు ఒరగకుండా ఆపే కడ్డీ) ఒక మెట్టు మెత్తన చేయండి. లా సోర్స్ బయట ట్రాక్షన్ కూడా మెరుగవుతుంది. అయితే బ్రూసెల్ దిగుడు మలుపులో ముక్కు తిరగనని మొండికేస్తుంది. వింగ్, బార్ రెండూ ఒకే సెషన్‌లో మార్చితే ఏది ఏం చేసిందో ఎప్పటికీ తెలియదు.

రైడ్ హైట్ (నేల నుంచి కారు ఎత్తు) కొలిచేటప్పుడు డ్రైవర్ బరువు, రేసు పెట్రోలు రెండూ కారులో ఉండాలి. రైడియోన్‌కు ముందున్న ఓ రూజ్ పల్లం అడుగున కారు బలంగా కిందికి అణుగుతుంది. సెషన్ అయ్యాక కారు లేపి స్ప్లిటర్ కింద చెయ్యి పెట్టి చూడండి. కొత్త గీతలు లోతుగా, ముందు అంచు దాటి వెనక్కి సాగి ఉంటే అక్కడ నేల తగులుతోందన్నమాట. అప్పుడు బరువు టైర్ల మీంచి ఫ్లోర్ మీదకు పోతుంది, డ్రైవర్ మాత్రం అండర్‌స్టీర్ (ముక్కు తిరగడం లేదు) అంటాడు.

బ్రేక్‌పాయింట్:
శాస్త్రి గారి మాటకు డ్రైవింగ్ వైపు నుంచి కొంత. రైడియోన్‌లో కాలు ఎత్తక తప్పదనుకుంటే, అది కింద ఎడమకు తిప్పక ముందే అయిపోవాలి. ఎక్కుతూ మధ్యలో ఎత్తితే బరువంతా ముందుకు వచ్చేస్తుంది, ఇంజన్ వెనక ఉన్న కారు లోలకంలా తిరుగుతుంది. పైన శిఖరం దాటేదాకా అవతల ఏముందో కనపడదు కూడా.

అసలు ఈ ట్రాక్‌లో ఏబీఎస్ లేని కప్ కారుకు పెద్ద గండం కుడి ముందు టైరు. లా సోర్స్, లే కోంబ్, బ్రూసెల్, ల్యాప్ చివరి బస్ స్టాప్ అన్నీ కుడివైపు మొదలయ్యే బ్రేకింగ్ చోట్లే. స్టీరింగ్ తిప్పడం మొదలవగానే బరువు ఎడమకు పోయి కుడి ముందు టైరు తేలికవుతుంది, అదే లాక్ అవుతుంది, అంటే తిరగకుండా జారుతుంది. అందులో లే కోంబ్ మరీ చెడ్డది. లా సోర్స్ దాటాక అక్కడిదాకా గట్టి బ్రేకు పని ఉండదు, డిస్కులు చల్లారి ఉంటాయి. ఒకసారి ఫ్లాట్ స్పాట్ (ఒకేచోట అరిగిన మచ్చ) పడితే తర్వాతి లాక్ కూడా చాలాసార్లు ఆ మచ్చ మీదే పడుతుంది, ట్రెడ్ కింది పొర బయటపడేదాకా. పిట్ స్టాప్ లేని రేసులో దాంతోనే సర్దుకోవాలి.

కాబట్టి మొదటి తాకిడి గట్టిగా, కారు తిన్నగా ఉన్నప్పుడే. వేగం తగ్గి డౌన్‌ఫోర్స్ పోయేకొద్దీ పెడల్ వదులుతూ రావాలి. లాక్‌లకు భయపడి బ్రేక్ బయాస్ (ముందు-వెనక బ్రేకుల పంపకం) మరీ వెనక్కి జరిపితే బస్ స్టాప్‌లో వెనక చక్రాలు లాక్ అవుతాయి. డౌన్‌షిఫ్ట్‌కు (గేరు తగ్గించడానికి) తొందరపడినా అదే జరుగుతుంది.

కెమ్మెల్_కిట్టు:
చాలా ఉపయోగపడే మాటలు, ఇద్దరికీ ధన్యవాదాలు. ప్రెషర్, వాన?

తడిట్రాక్:
ప్రెషర్‌కు లెక్క ఉంది, గాలి వాటం అక్కర్లేదు. గేజ్ మీద 1.5 బార్ అంటే వాతావరణ పీడనం కలిపి 2.5. 15 డిగ్రీల దగ్గర నింపిన టైరులో గాలి 80 డిగ్రీలకు వెళ్తే 2.5ను 353తో గుణించి 288తో భాగించండి: 3.06. అంటే గేజ్ మీద 2.06. వెనక్కి లెక్కేసుకుని, కావాల్సిన వేడి ప్రెషర్ నుంచి చల్లటి ప్రెషర్ తేల్చండి. సిరీస్ నియమాల్లో కనీస ప్రెషర్ రాసి ఉంటే దానికి కింద మాత్రం పోవద్దు. నాలుగు టైర్లూ నీడలో ఉంచి నింపండి. ఒకవైపు ఎండ తగిలితే కొలత తప్పుతుంది. ఇది సవ్యదిశ ట్రాక్, ఎడమ టైర్ల మీద భారం ఎక్కువ. అయితే పూహోన్, బ్లాన్షిమోన్ ఎడమ మలుపులు, కుడివైపు టైర్లనూ బాగానే కాలుస్తాయి. అందుకని ఎడమ-కుడి తేడా ఊహించకుండా, కారు పిట్ లేన్‌లోకి రాగానే వేడిమీదే కొలిచి రాసుకోండి.

వానలో టైరు అంత వేడెక్కదు కాబట్టి చల్లటి ప్రెషర్ పెంచి మొదలుపెట్టాలి. వింగ్ పెంచండి, యాంటీ-రోల్ బార్లు రెండూ మెత్తన చేయండి. ట్రాక్ పొడవు 7.004 కి.మీ., అడవిలో ఎత్తుపల్లాల మీద ఉంది. బ్లాన్షిమోన్‌లో పొడిగా ఉండి లే కోంబ్‌లో వాన కురవడం ఇక్కడ మామూలే. కాబట్టి టైర్ల నిర్ణయం పిట్ గోడ దగ్గర ఆకాశం చూసి కాదు, ట్రాక్ అవతలి వైపు నిలబెట్టిన మనిషి ఫోన్‌లో చెప్పేది విని తీసుకోండి. ట్రాక్ ఆరిపోతుంటే రెయిన్ టైర్లను కెమ్మెల్ మీద తడి ఉన్న పక్కకు తీసుకెళ్లి చల్లార్చాలి.

ఒక్కటి మాత్రం గట్టిగా చెప్తున్నా. వానలో కెమ్మెల్ మీద టో కోసం ముందు కారు వెనక నేరుగా దూరొద్దు. 2023 జూలై 1న యువ రేస్ డ్రైవర్ డిలానో వాన్ట్ హాఫ్ ప్రాణాలు కోల్పోయింది అక్కడే, నీటి తుంపర్లలో ఏమీ కనపడని వానలోనే. సగం కారు వెడల్పు పక్కకు తప్పుకుని నడపమనండి. పసుపు జెండా గానీ, పసుపు లైటు గానీ కనిపిస్తే ముందు ఎవరున్నారో చూసేదాకా ఆగకుండా కాలు ఎత్తేయాలి. ఇది డ్రైవర్‌కు గ్రిడ్ మీదకు వెళ్లకముందే చెప్పండి, రేడియోలో కాదు.

డేటా_శాస్త్రి:
తడిట్రాక్ గారి మాటకు చిన్న చేర్పు. వానకని పెంచిన వింగ్ పొజిషన్, బార్ల సెట్టింగు కారు మీద టేపు వేసి రాసి పెట్టండి. ట్రాక్ ఆరి మళ్లీ పొడి సెటప్‌కు వెళ్లాల్సి వస్తే గ్రిడ్ మీద నిమిషాలే ఉంటాయి. వింగ్ వెనక్కి తిప్పి బార్ మరచిపోవడం ఎక్కువగా జరిగే పొరపాటు. ఒకరు మార్చాలి, ఇంకొకరు టేపు చూసి సరిచూడాలి.