కారు ఆడియో: ముందు డబ్బు దేనికి పెట్టాలి? స్పీకర్లకా, యాంప్‌కా, డోర్లకా?

పాటలప్రియుడు:
నా కారులో కంపెనీ ఇచ్చిన టచ్‌స్క్రీన్ స్టీరియో, నాలుగు డోర్లలో నాలుగు స్పీకర్లు ఉన్నాయి. సౌండ్ సగం దాటగానే ముందు డోర్లు గరగరమంటాయి, బాస్ పలచబడిపోతుంది. ఒక ఫిట్టర్ నాలుగు స్పీకర్లూ మార్చేయమన్నాడు. ఇంకొకాయన యాంప్ (స్పీకర్లకు పవర్ పెంచి ఇచ్చే పెట్టె), సబ్‌వూఫర్ (బాస్ కోసమే ఉండే పెద్ద స్పీకర్) పెట్టించుకోమన్నాడు. ప్రస్తుతానికి ఒక్క పనికే డబ్బుంది. స్టీరియో మాత్రం మార్చను. రివర్స్ కెమెరా, స్టీరింగ్ బటన్లు అన్నీ దానికే ముడిపడి ఉన్నాయి. ముందు ఏది చేయించాలి?

ట్వీటర్‌వాలా:
ముందు స్పీకర్లే, ఇందులో ఆలోచించడానికేం లేదు. కంపెనీ స్పీకర్ విప్పి చూడండి, చిన్న అయస్కాంతం, పల్చటి కాగితం కోన్. చాలా కార్లలో ట్వీటర్ (సన్నటి శబ్దాలు పలికే చిన్న స్పీకర్) కూడా ఉండదు. ముందు రెండు డోర్లకు మంచి కాంపొనెంట్ సెట్ (డోర్ స్పీకర్, ట్వీటర్ వేర్వేరుగా ఉండే జత) పెట్టించండి. ట్వీటర్ విడిగా పైకి వస్తుంది కాబట్టి గొంతు కాళ్ల దగ్గర నుంచి కాకుండా ఎదురుగా డ్యాష్‌బోర్డ్ మీద నుంచి వినిపిస్తుంది. కప్లర్ (కంపెనీ ప్లగ్గులోనే నేరుగా దూరే కనెక్టర్) వాడితే ఒక్క వైరు కూడా కోయక్కర్లేదు, వారంటీ టెన్షన్ తగ్గుతుంది.

వాట్స్‌లెక్క:
ఆ కాంపొనెంట్లకు పవర్ ఎవరిస్తారు బ్రదర్? స్టీరియో మీద 50 వాట్లు × 4 అని ఉంటుంది. లెక్క వేసి చూడండి. ఇంజిన్ నడుస్తున్నప్పుడు కారులో ఉండేది దాదాపు 14.4 వోల్టులు. స్టీరియో లోపలి చిన్న యాంప్‌కు వోల్టేజీ పెంచుకునే ఏర్పాటు ఉండదు. ఏమీ నష్టం లేదనుకున్నా 4 ఓమ్‌ల (ఓమ్ అంటే కరెంటుకు స్పీకర్ ఇచ్చే అడ్డుకు కొలత) స్పీకర్‌కు శుభ్రంగా వెళ్లేది సుమారు 26 వాట్లు. నిజంగా అందేది అంతకన్నా తక్కువే. దాంతో మంచి స్పీకర్ కూడా నీరసంగానే పాడుతుంది. అందుకే నా ఓటు యాంప్‌కి. స్పీకర్ వైర్ల నుంచే సిగ్నల్ తీసుకునే హై లెవెల్ ఇన్‌పుట్ ఉన్నది తీసుకుంటే మీ స్టీరియోను కదిలించే పనే లేదు.

డోర్‌పని:
ఇద్దరి మాటలోనూ నిజముంది. కానీ ఆయన అడిగింది డోర్లు గరగరమంటున్నాయని, బాస్ పలచబడుతోందని. ఆ రెండూ డోర్ తాలూకు జబ్బులే కావచ్చు. కొత్త స్పీకర్ తెచ్చి అదే డోర్‌లో పెడితే అదే గరగర, యాంప్ పెడితే ఇంకా పెద్ద గరగర.

స్పీకర్ కోన్ ముందుకు కదిలినప్పుడు ముందు గాలి నొక్కుకుంటుంది, వెనక గాలి పలచబడుతుంది. ఈ రెండు తరంగాలు కలిస్తే ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి, ముఖ్యంగా బాస్‌లో. అందుకే హోమ్ స్పీకర్‌కు చెక్క పెట్టె ఉంటుంది. కారులో ఆ పెట్టె మీ డోరే. కానీ డోర్ ప్యాడ్ విప్పితే లోపలి రేకుకు అరచేయి దూరేంత రంధ్రాలు కనిపిస్తాయి, వాటి మీద పల్చటి ప్లాస్టిక్ కాగితం. వెనక గాలి అందులోంచే ముందుకు వచ్చేస్తుంది.

కాబట్టి ఆ రంధ్రాలను గట్టి షీటుతో మూయాలి. బయటి రేకుకు స్పీకర్ వెనక భాగంలో బ్యుటైల్ డ్యాంపింగ్ షీట్ (అదురు తగ్గించే రబ్బరు లాంటి షీటు) అతికించాలి. రేకంతా కప్పక్కర్లేదు. నాలుగో వంతు కప్పినా మోత బాగా తగ్గుతుంది. అతికించే ముందు దుమ్ము, జిడ్డు తుడిచి, రోలర్‌తో షీటు మీది అచ్చు గీతలు చదునయ్యేదాకా నొక్కించండి. తారు షీట్లు వద్దు, ఎండకు మెత్తబడి వాసన వస్తాయి. స్పీకర్‌ను నేరుగా రేకుకు కాకుండా గట్టి రింగుకు బిగించి, రింగుకూ డోర్ ప్యాడ్‌కూ మధ్య ఫోమ్ పెట్టించండి. ఖర్చు తక్కువ, ఓపిక ఎక్కువ కావాల్సిన పని. అందుకే దీన్ని చేస్తామని షాపులవాళ్లు ముందుగా చెప్పరు.

ట్వీటర్‌వాలా:
డోర్ బరువెక్కదా? వాన నీళ్లు లోపల నిలిచి రేకు తుప్పు పట్టదా?

డోర్‌పని:
బరువు కొద్దిగా పెరుగుతుంది, అందుకే అవసరమైన మేరకే అతికించమంటున్నాను. నీళ్ల భయం న్యాయమైనదే. అద్దం పక్క నుంచి డోర్‌లోకి నీళ్లు దిగడం మామూలే, అవి అడుగున ఉన్న చిన్న కంతల్లోంచి బయటికి పోతాయి. ఆ కంతలకు షీటు అడ్డం పడకూడదు. పని అయ్యాక అద్దం మీద చెంబెడు నీళ్లు పోసి కింద నుంచి కారుతున్నాయో లేదో మీరే చూసుకోండి.

వాట్స్‌లెక్క:
డోర్ విషయం ఒప్పుకుంటాను. కానీ సౌండ్ పెంచేకొద్దీ బాస్ తగ్గడానికి ఇంకో కారణం ఉండొచ్చు. చిన్న స్పీకర్లు చిరిగిపోకుండా కొన్ని కంపెనీ స్టీరియోలు వాల్యూమ్‌తో పాటు బాస్‌ను వాటంతటవే కోసేస్తాయి. దాన్ని షీట్లు సరిచేయలేవు, డీఎస్‌పీ (సిగ్నల్‌ను డిజిటల్‌గా సరిదిద్దే చిప్) ఉన్న యాంప్ కావాలి. ఇంకోటి, కొన్ని కార్లలో కంపెనీ స్పీకర్లు 2 ఓమ్‌లవి. అక్కడ 4 ఓమ్‌లవి పెడితే అదే స్టీరియో నుంచి అందే పవర్ దాదాపు సగమవుతుంది. కొత్తవి పెట్టాక సౌండ్ తగ్గిందని చాలామంది అనడానికి ఇదొక కారణం.

ట్వీటర్‌వాలా:
అందుకే సెన్సిటివిటీ (అదే పవర్‌కు స్పీకర్ ఎంత గట్టిగా మోగుతుందో చెప్పే అంకె) చూసి కొనమంటాను. 3 డెసిబెల్స్ ఎక్కువున్న స్పీకర్ దొరికితే యాంప్ పవర్ రెట్టింపు చేసినంత లాభం.

పాటలప్రియుడు:
డోర్‌పని గారూ, జబ్బు డోర్‌దా స్టీరియోదా అని ఇంట్లోనే తెలుసుకునే దారి ఉందా?

డోర్‌పని:
ఉంది. బాస్ బాగా ఉన్న పాట పెట్టి, గరగర మొదలయ్యేదాకా సౌండ్ పెంచండి. డోర్ ప్యాడ్ మీద అరచేయి గట్టిగా ఆనించండి. గరగర ఆగితే జబ్బు డోర్‌ది. ఎక్కడ నొక్కినా ఆగకపోతే స్పీకర్ చిరిగిందో, సిగ్నలే పాడవుతోందో చూడాలి.

తర్వాత బ్యాలెన్స్‌ను పూర్తిగా ఎడమకు, ఆపైన పూర్తిగా కుడికి తిప్పి వినండి. ఒక్కో వైపు విడిగా బాస్ బాగుండి, మధ్యలో పెట్టగానే తగ్గిపోతే ఏదో ఒక స్పీకర్‌కు ప్లస్, మైనస్ తారుమారయ్యాయన్నమాట. రెండు వైర్లు మార్చి కలిపితే సరిపోతుంది, దానికి ఏమీ కొనక్కర్లేదు.

వాట్స్‌లెక్క:
రేపు యాంప్ పెట్టించినప్పుడు రెండు విషయాలు దగ్గరుండి చూసుకోండి. బ్యాటరీ నుంచి వచ్చే వైరుకు ఫ్యూజు బ్యాటరీ పక్కనే ఉండాలి, జానెడు దూరంలో అయితే మంచిది. వైరు మధ్యలో ఎక్కడ ఒరుసుకుని రేకుకు తగిలినా మంటలు రాకుండా ఆపేది అదే. ఎర్త్ వైరును పెయింట్ గీకి, మెరిసే రేకుకే బిగించాలి. యాంప్ మీది గెయిన్ నాబ్‌ను (స్టీరియో సిగ్నల్‌కు యాంప్‌ను సరిపోల్చేది) వాల్యూమ్ అనుకుని ఎవరినీ చివరిదాకా తిప్పనివ్వకండి.

పాటలప్రియుడు:
ఇప్పుడే చేయి పెట్టి చూశాను. కుడి డోర్ గరగర పూర్తిగా ఆగింది, ఎడమది సగం తగ్గింది. అయితే ముందు రెండు డోర్ల పని చేయిస్తాను. వెనక డోర్లకూ చేయించాలా?

డోర్‌పని:
వద్దు. ఆ డబ్బు ముందు కాంపొనెంట్లకు దాచుకోండి. వెనకవి తక్కువ సౌండ్‌లో అలాగే మోగనివ్వండి. ఎడమ డోర్ విప్పినప్పుడు తాళం రాడ్డు, వైర్ల కట్ట రేకుకు తగులుతున్నాయేమో చూడమనండి. తగులుతుంటే ఫోమ్ ముక్క చుట్టించండి. మిగతా సగం గరగర అక్కడిదే అయ్యుండొచ్చు.