3,000 మంది వచ్చే ఫంక్షన్‌కి ఒకటే గేటు, ఏం చేయాలి?

నమస్కారమండీ. మాది గుంటూరు, అమరావతి రోడ్డు వైపు. సంక్రాంతికి మా కాలనీ తరఫున స్కూల్ గ్రౌండ్‌లో మ్యూజికల్ నైట్ పెడుతున్నాం. స్టేజీ పోను 40 మీటర్ల పొడవు, 30 మీటర్ల వెడల్పు మిగులుతోంది. 3,000 మంది వస్తారు. గేటు ఒక్కటే, 10 అడుగులు. కమిటీ పెద్దాయనేమో "ఇన్నేళ్లుగా పెడుతున్నాం, ఏమైంది?" అంటున్నారు. నాకు మాత్రం టెన్షన్‌గా ఉంది.

జవాబు 1 (విజయవాడ, భవానీపురం. 22 ఏళ్లుగా స్టేజీలు, బారికేడ్ల పని)

తమ్ముడూ, నువ్వు భయపడటంలో తప్పు లేదు. మీటరు వెడల్పు దారిలో నిమిషానికి 82 మంది దాకా బయటికి నడుస్తారని స్టేడియాల లెక్క. అదీ నేల చదునుగా ఉండి, ఎదురు ఎవరూ రాకపోతేనే. మీ గేటు 3 మీటర్లు, అంటే 12 నిమిషాల పైమాటే. 8 నిమిషాల్లో ఖాళీ కావాలంటే 15 అడుగులకు పైగా దారి ఉండాలి. హెడ్‌మాస్టారుని ఒప్పించి వెనక ప్రహరీ ఎనిమిది అడుగులు తీయించు. మర్నాడు మేస్త్రీని పెట్టి కట్టించేయొచ్చు.

ఆ దారి లోపలికి రావడానికి వాడొద్దు. 2025 జనవరిలో తిరుపతి బైరాగిపట్టెడలో, ఒంట్లో బాగోలేని ఒకావిడని బయటికి తేవడానికి గేటు తీస్తే, వైకుంఠ ద్వార దర్శనం టోకెన్లకే తీశారనుకుని జనం ఒక్కసారిగా తోసుకొచ్చారు. ప్రాణాలు పోయాయి. అందుకే అంబులెన్స్ దారి వేరే ఉండి తీరాలి.

నా కళ్లముందు జరిగింది చెప్తాను. ఒక ఫంక్షన్‌లో పులిహోర కౌంటర్ గేటు పక్కనే పెట్టారు. నేను వద్దన్నాను కానీ గట్టిగా పట్టుబట్టలేదు, ఆ బాధ ఇప్పటికీ ఉంది. చినుకులు పడగానే అందరూ లేచారు. ముందువాళ్లు ఆకుదొప్ప పట్టుకుని ఆగారు, ఆగారని వెనకవాళ్లకి తెలీదు. ఒకావిడ కాలు మైక్ కేబుల్‌కి తగిలి పడిపోయింది. ఇద్దరం జబ్బలు పట్టుకుని పైకి లాగాం, దేవుడి దయవల్ల బతికింది. తెల్లారి చెప్పులు ఏరితే రెండు గోనెసంచులు నిండాయి.

కుర్చీలు వరసకి ఒక తాడు వేసి కట్టించు, లేకపోతే దొర్లి దారికి అడ్డం పడతాయి. రెండు వేలకి మించి వేయొద్దు. మిగతావాళ్లకి బయట రోడ్డు మీద స్క్రీన్ పెట్టు. సర్వి కర్రల బారికేడ్లు స్టేజీ ముందు చాలు, గేటు దగ్గర వద్దు.

జవాబు 2 (దసరాల్లో ఇంద్రకీలాద్రి క్యూలైన్లలో వాలంటీర్‌ని)

అన్నగారు చెప్పినదానికి ఒకటి కలుపుతాను. మైకుకీ, దారి లైట్లకీ విడిగా జనరేటర్ ఉంచండి. చీకట్లో మాట వినపడకపోతేనే జనం కంగారు పడతారు. పక్కవాళ్ల ఒత్తిడికి చెయ్యి పైకెత్తలేకపోతున్నారంటే ఇక ఎవర్నీ లోపలికి పంపొద్దు, పాట ఆపించండి.

ప్రశ్న అడిగిన నేనే

అన్నా, ఇప్పుడే టేపు పట్టుకెళ్లి కొలిచాను. గేటు 10 అడుగులే గానీ ఒక రెక్క తుప్పు పట్టి కదలట్లేదు. తెరుచుకునేది 5 అడుగులే. ఇన్నేళ్లూ మేం అందులోంచే వెళ్లొచ్చాం. ఫోటో తీసి పెద్దాయనకి పంపాను. పొద్దున్నే వెల్డర్‌ని తీసుకుని వస్తానన్నారు.